తాత తుపాకీని పనికొచ్చేలా మార్చాలా, ఉన్నది ఉన్నట్టే ఉంచాలా?

రెండేళ్లుగా దసరా వచ్చిందంటే మా ఇంట్లో ఇదే వాదన. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున చిన్న ఊరు. తాత హయాం నుంచి ఇంట్లో ఒక భర్మార్ ఉంది, అంటే గొట్టం నోట్లోంచి మందూ రవ్వలూ పోసి ఇనప కడ్డీతో కూరి పేల్చే తుపాకీ. పక్కింటి ఒడియావాళ్లు బందుక అంటారు, మేం ఉత్త తుపాకీ అనే అంటాం. పంట కాపలాకని తాతకిచ్చిన లైసెన్సు ఆయన తర్వాత నాన్నకీ, నాన్న తర్వాత మా చిన్నాన్నకీ వచ్చింది. ఆ తుపాకీ పేలి ఇరవై ఏళ్ల పైమాటే.

చిన్నాన్న అడిగేది న్యాయమైన ప్రశ్నే. "పేలని తుపాకీకి దండం పెట్టి ఏం లాభంరా? గొట్టం మార్పించి తూటా వేసుకునేలా చేయిస్తే పందులకైనా పనికొస్తుంది కదా" అంటాడు. నేనూ మా అత్తా వద్దంటాం. చిన్నాన్న మాటని తేలిగ్గా తీసేయలేను, ఎందుకంటే మొక్కజొన్న గింజ పాలు పోసుకునే రోజుల్లో మంచె మీద నిద్ర కాసేది ఆయనే. ఒక్క రాత్రి పందుల గుంపు దిగితే తెల్లారేసరికి చేనంతా నేలమట్టమై ఉంటుంది. ఆ బాధ పడనివాళ్లు "పాత వస్తువు, ముట్టుకోవద్దు" అనడం చాలా సులువు.

ఆయన పక్షాన ఇంకో బలమైన మాట కూడా ఉంది. తుపాకీ అనేది పుట్టినప్పటి నుంచీ మారుతూ వచ్చిన వస్తువే. ఇంగ్లీషువాళ్ల సైన్యమే తన చెకుముకి రాయి తుపాకుల్ని టోపీ, అంటే సుత్తి దెబ్బకి నిప్పు పుట్టే చిన్న మూత, పెట్టి పేల్చే రకానికి మార్చుకుంది, ఆ తర్వాత 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకుల్ని పారేయకుండా 1866 నుంచి స్నైడర్ పద్ధతిలో వెనక నుంచి తూటా పెట్టేలా వేల సంఖ్యలో మార్పించింది. పనిచేసే చోట పనిముట్టుని మార్చుకోవడం పాపమేమీ కాదు. అంతెందుకు, నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు, 1931లో గుణుపురం దాకా వచ్చింది, దాన్ని ఈమధ్య బ్రాడ్ గేజ్ చేశారు. చిన్న రైలు మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా, ఆ మార్పు తప్పని ఎప్పుడూ అనను. ఆస్పత్రికి వెళ్లేవాళ్లూ కాలేజీకి వెళ్లేవాళ్లూ రోజూ ఎక్కే బండి అది.

మా తుపాకీ కూడా ఒకసారి మారిందే, ఆ సంగతి నాకు పోయినేడాదే తెలిసింది. సుత్తి పక్కనున్న ఇనప పలక మీద టార్చి ఏటవాలుగా వేసి చూస్తే రెండు గుండ్రటి మచ్చలు కనబడతాయి, మినపగింజంత ఉంటాయి, చుట్టూ ఉన్న ఇనుము కంటే ఒక్క వీసం నలుపు ఎక్కువ. చెకుముకి రాయి నిప్పురవ్వ పడే చిన్న గిన్నే, దాని స్ప్రింగూ ఒకప్పుడు అక్కడ బిగించి ఉండేవన్నమాట. ఎవరో కమ్మరి వాటిని తీసేసి, స్క్రూల కన్నాల్లో ఇనుము కొట్టి పూడ్చి, నున్నగా ఆకురాయి పట్టి, టోపీ తొడిగే చిన్న మొన బిగించాడు. వాన పడ్డా పేలాలి కాబట్టి చేశాడు. ఆ రోజుకి అది అవసరం.

అందుకే నా ప్రశ్న "మార్చొచ్చా, మార్చకూడదా" అని కాదు. ఇప్పుడు మారిస్తే మనకి ఏం వస్తుంది, ఏం పోతుంది అన్నదే.

ముందు చట్టం. ఇందులో చాలామంది పొరపడుతున్నారు, ఊళ్లో ఎవరో మెకానిక్ ఉన్నాడు, చేసేస్తాడు అనుకుంటున్నారు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీని మార్చడానికే కాదు, రిపేరు చేసే దుకాణానికి కూడా లైసెన్సు ఉండాలి. గొట్టం కోసి పొట్టి చేయడం వేరే నేరం. 2019 సవరణలో ఇంకో మాట చేర్చారు: ఒక రకం తుపాకీని లైసెన్సు లేకుండా ఇంకో రకంలోకి మార్చకూడదు. దానికి శిక్ష ఏడేళ్లకి తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. నోటి నుంచి కూరే తుపాకీ ఒక రకం, తూటా తుపాకీ ఇంకో రకం, మా చేతిలో ఉన్న కాగితం మొదటి దానికి మాత్రమే. సరిహద్దు కొండల్లో నాటు తుపాకీ అనే మాట వినబడితేనే పోలీసులు ఎలా చూస్తారో ఇక్కడ పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అరవై దాటిన చిన్నాన్న ఆ టెన్షన్ ఎందుకు పడాలి?

రెండోది ఇనుము, నాకు అసలు భయం ఇక్కడే. పాతకాలపు నల్ల తుపాకీమందు ఒత్తిడి తక్కువ, పాత గొట్టాలు దానికే చేసినవి. ఇప్పటి తూటాల్లో ఉండే పొగరాని మందు ఒత్తిడి వేరు. లోపల తుప్పు ఎంత లోతుకి తిన్నదో పైనుంచి కనబడదు, గొట్టం పగిలితే పగిలేది పేల్చేవాడి ఎడమచేతి దగ్గరే, మొహానికి జానెడు దూరంలో. సరే గొట్టమూ కొత్తది, యంత్రమూ కొత్తది వేయిద్దాం అంటే, ఇక తాతది మిగిలేది కర్ర ఒక్కటే. ఆ ఖర్చుకి, చట్టప్రకారం దరఖాస్తు పెట్టుకుని, కొత్త తుపాకీయే కొనుక్కోవచ్చు.

ఇక పందులు. ఇక్కడ చిన్నాన్న లెక్క తప్పని గట్టిగా చెప్తాను. పంట కాపలా లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు, 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ అనుమతి కావాలి. ఏనుగులొచ్చే రాత్రయితే తుపాకీ శబ్దం చేస్తే ప్రాణానికే ముప్పు. ఇప్పటికి మా చేనుని కాస్త కాపాడింది సోలార్ కంచె, దాన్ని ఆనుకుని పక్క నలుగురు రైతులం వంతులు వేసుకున్న కాపలా. కంచె అన్నాను కాబట్టి చెప్తున్నా, మెయిన్ లైన్ నుంచి నేరుగా కరెంటు లాగే తీగ సంగతి కాదు, దానికి మనుషులే బలైపోతున్నారు.

మరి ఉన్నది ఉన్నట్టు ఉంచడం అంటే? గోడకి కొట్టి వదిలేయడం అనుకుంటే అదీ తప్పే. ఓ దసరాకి ఆయుధ పూజ ముందు మా ఇంట్లోనే ఒకరు ఇత్తడి బిందెలతో పాటు తుపాకీకి కూడా చింతపండూ ఇటుక పొడీ పట్టించి తోమేశారు. తళతళలాడింది, అందరూ మెచ్చుకున్నారు. ఇత్తడి పట్టీ మీద సన్నగా చెక్కిన తీగ సగానికి సగం పోయింది, ఇనుము మీద నూరేళ్లుగా పేరుకున్న గోధుమరంగు పొర పోయి, వారం తిరక్కుండా కొత్త తుప్పు పట్టింది. మార్పించాలనుకున్న చిన్నాన్న చేసిన నష్టం ఇప్పటికి సున్నా, మురిపెంగా తోమినవాళ్లు చేసిన నష్టం తిరిగి రాదు. పాత రూపం కాపాడడం అంటే కొత్తదానిలా మెరిపించడం కాదని ఆ రోజు నాకు అర్థమైంది.

మేం ఇప్పుడు చేసేది ఇంతే: పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, ఇనుముకి పల్చగా మెషీన్ ఆయిల్, కర్రకి ఏడాదికోసారి ఒక్క చుక్క అవిసె నూనె. ఒట్టి చేత్తో ఇనుము పట్టుకోం, చెమటలో ఉప్పు ఉంటుంది. ఇంట్లో ఇలాంటిది ఉన్న ప్రతివాళ్లకీ బతిమాలి చెప్పే మాట ఒకటుంది. పాత భర్మార్లలో ఎప్పుడో కూరిన మందు అలాగే ఉండిపోవడం మామూలే, దశాబ్దాలైనా అది చావదు. మీరు కెలక్కండి, పిల్లల చేతికి అసలివ్వకండి, లైసెన్సున్న తుపాకుల దుకాణంలో చూపించి ఖాళీ అని తేల్చుకున్నాకే ముట్టుకోండి.

"పాతదే కదా, కాగితం ఎందుకు" అనే మాట కూడా నిజం కాదు. పాతకాలపు ఆయుధాలకి చట్టంలో మినహాయింపు ఉంది గానీ, రిపేరు చేసినా చేయకపోయినా ఇక పేలనే పేలదు అన్న స్థితిలో ఉంటేనే. కర్ణాటకలోని కొడగులో కొడవ జాతివాళ్లకి లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది, కైల్‌పోద్ పండగకి తుపాకుల్ని పూలతో పూజిస్తారు, చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఆ వీలు మనకి లేదు. ఉంచుకోవడంలో కష్టం ఇదే: రెన్యూవల్ కోసం తిరగాలి, ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పగించాలి. ఓసారి వానాకాలం దాటాక తిరిగొస్తే సుత్తి బిగుసుకుపోయి ఉంది, నూనె పెట్టి కదపడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ కష్టానికి ఒప్పుకునే నేను ఉంచుదాం అంటున్నాను.

మొన్న దసరాకి తాత మందుకొమ్ము, అంటే తుపాకీమందు పోసి ఉంచుకునే కొమ్ము, కూడా బయటికి తీశాం. పర్లాకిమిడి కొమ్ము పనివాళ్లు గేదె కొమ్ముతో చేసింది, మూతి దగ్గర చేప ఆకారం, చేప కన్ను ఒకటి అరిగిపోయింది. చిన్నాన్న దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తుపాకీ పలక దగ్గర టార్చి పట్టుకోమని నాకిచ్చి, మనవడిని దగ్గరికి పిలిచి, "ఇదిగో, ఈ రెండు మచ్చలూ కనబడుతున్నాయా?" అన్నాడు. రెన్యూవల్ ఫారం ఈ నెలాఖరులోగా పెట్టాలి, ఫొటోలు నన్నే తీయించమన్నాడు.