ప్రొపెల్లర్‌కి సిలికాన్ పూత: ఐదేళ్లు వాడాక

మాది 32 అడుగుల డీజిల్ పడవ, ఇన్‌బోర్డ్ ఇంజిన్, మూడు రెక్కల కంచు ప్రొపెల్లర్. ఏడాది పొడవునా ఉప్పునీళ్లలోనే కట్టి ఉంటుంది. బార్నకిల్స్ (నీళ్లలో మునిగిన వాటికి అతుక్కుపోయే చిన్న గుల్ల జీవులు) పట్టకుండా ప్రొపెల్లర్‌కి సిలికాన్ పూత వేయడం మొదలుపెట్టి ఐదేళ్లయింది. ఇప్పటికి నాలుగుసార్లు వేశాను. అందులో ఒకసారి మొత్తం పాడుచేసుకున్నాను, తప్పు నాదే.

అంతకుముందు ఒకసారి రెండు నెలలు కదపకుండా ఉంచి బయల్దేరితే, 7 నాట్ల వేగంతో పోవాల్సిన పడవ అదే ఆర్‌పీఎంలో 5 దాటలేదు. కాళ్ల కింద వణుకు, ఎగ్జాస్ట్‌లో నల్లపొగ. ఇంజినే పోయిందని టెన్షన్ పడ్డాను. నీళ్లలో దిగి రెక్క తడిమితే రంపం పళ్లు తగిలినట్టుంది.

కంచులో రాగి ఉంటుంది, రాగి బార్నకిల్స్‌కి పడదు, మరి ఎలా పట్టాయో చాలాకాలం అర్థం కాలేదు. కారణం షాఫ్టుకి (ప్రొపెల్లర్‌ని తిప్పే కడ్డీకి) బిగించిన జింక్ ముక్క, ఆనోడ్ అంటారు. అది తాను కరిగిపోతూ కంచును కాపాడుతుంది. కంచు కరగనప్పుడు రాగి నీళ్లలోకి రాదు, ఇక బార్నకిల్‌కి అది మామూలు బండరాయే. అలాగని ఆనోడ్ తీసేస్తే అసలు ప్రొపెల్లరే తినేసుకుపోతుంది. ఆనోడ్ మీద పూత కూడా వేయకూడదు, వేస్తే అది పనిచేయదు.

మొదట పడవ అడుగుభాగానికి వేసే రాగి కలిపిన పెయింట్‌నే రెక్కలకీ వేశాను. అంచుల దగ్గర నీటి వేగానికి కొన్ని వారాల్లోనే లేచిపోయింది. (ప్రొపెల్లర్‌ని తిప్పే డ్రైవ్ భాగం అల్యూమినియంది ఉన్నవాళ్లు రాగి పెయింట్ జోలికి పోవద్దు, లోహాన్ని తినేస్తుంది.) తర్వాత గ్రీజు పూశాను. చవక, సులువు, కానీ నాలుగు ట్రిప్పులకే కొట్టుకుపోయింది.

సిలికాన్ పూతలో విషం ఏమీ లేదు. బార్నకిల్ పిల్ల చివరి దశలో తిండి మానేసి చోటు వెతుక్కుంటుంది, దొరికాక జిగురుతో అతుక్కుని చుట్టూ సున్నపు గోడ కట్టుకుంటుంది. ఈ పూత మీద ఆ జిగురుకి పట్టు చిక్కదు. అతుక్కున్నా, ప్రొపెల్లర్ తిరిగినప్పుడు నీళ్లే ఊడ్చేస్తాయి. అంటే తిరగాలి. ఈ ఒక్క మాట మరిచిపోయి వేయించుకున్నవాళ్లే తర్వాత తిట్టుకుంటారు.

నా పడవ వారానికోసారి కదిలిన నెలల్లో రెక్కలు దాదాపు శుభ్రంగా ఉన్నాయి, పల్చటి పాచి తప్ప. ఒకసారి ఏడు వారాలు కట్టేసి ఉంచాక దిగి చూస్తే బార్నకిల్స్ ఉన్నాయి. గంటసేపు నడిపి మళ్లీ చూశాను. అంచుల దగ్గరివి పోయాయి, మధ్యలో బొడ్డు చుట్టూ ఉన్నవి అలాగే ఉన్నాయి. అక్కడ వేగం తక్కువ కదా. వాటిని బొటనవేలితో నెడితే వచ్చేశాయి. కత్తి, స్క్రేపర్ అస్సలు వాడకూడదు, ఒక్క గీత పడితే అక్కడి నుంచే పూత లేస్తుంది. డైవర్‌ని పిలిస్తే నీళ్లలో దిగేముందే ఈ సంగతి చెప్పాలి, గుడ్డ ఒక్కటే అని.

ఇక నేను పాడుచేసుకున్న సంగతి. రెండోసారి వేసేటప్పుడు పాత గుల్లలు గోకాను, కానీ అడుగున మిగిలే తెల్లటి వలయాలు వదిలేశాను, పైగా శుభ్రం చేసిన రెక్కని ఉత్త చేతులతో పట్టుకున్నాను. మూడు నెలల్లో పొరలు పొరలుగా ఊడింది. ఇప్పుడు ఆ వలయాలని పల్చటి యాసిడ్‌తో కరిగించి కడిగేస్తాను (అది సున్నమే), 80 నంబరు ఎమరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దుతాను, సాల్వెంట్‌తో తుడిచాక గ్లవ్స్ లేకుండా ముట్టుకోను. ప్రైమర్ వేశాక పై పూతకి డబ్బా మీద రాసిన టైమ్ తప్పకూడదు. ఆ టైమ్ దాటితే పై పూత పట్టదు. పూత వేసే పని అరగంటే, రుద్దడానికే రోజు పడుతుంది. ఇలా వేసినది నాకు 18 నెలలు దాకా ఆగింది.

విసుగు తెప్పించేది డబ్బా సైజు. ఒక ప్రొపెల్లర్‌కి కావలసినదానికంటే ఎక్కువ వస్తుంది, తెరిచాక మిగిలింది గట్టిపడిపోతుంది. ఖరీదూ తక్కువేం కాదు. ఇంకోటి, ఒక పడవల యార్డులో పడవ ఎత్తేటప్పుడు బెల్టు రెక్కకి రాసుకుని కొత్త పూత మీదే గీత పడింది. అప్పటి నుంచి పడవ నీళ్లలోకి దింపేదాకా పక్కనే నిలబడుతున్నాను.

ఎక్కువ రోజులు కదపననుకుంటే ప్రొపెల్లర్‌కి నల్లటి ప్లాస్టిక్ సంచి కట్టేస్తాను. లోపల నీళ్లు మారవు, పెద్దగా ఏదీ పట్టదు. సంచి కట్టిన రోజు ఇంజిన్ తాళానికి ఎర్ర గుడ్డ ముక్క కడతాను, ఎందుకంటే ఒకసారి సంచి తీయకుండానే స్టార్ట్ చేశాను. షాఫ్టు నుంచి ఆ ప్లాస్టిక్ కోసి తీయడానికి నాకు పూర్తి మధ్యాహ్నం పట్టింది.