చిన్నపిల్లలతో కోనసీమ: గుళ్ళ కంటే ముందు పంటు ఎక్కించండి

గోదావరి జిల్లాలకి వచ్చిన చుట్టాలకి ఏం చూపించాలంటే ఎవరైనా ముందు గుళ్ళ పేర్లే చెప్తారు. పెద్దవాళ్ళకి అది చాలు. వెంట చిన్నపిల్లలుంటే లెక్క మారిపోతుంది. మేముండేది పాలకొల్లులో. క్షీరారామం గాలిగోపురానికి తొమ్మిది అంతస్తులు ఉంటే మా చిన్నోడికేంటి, దాని మీద వాలే పావురాలే కావాలి వాడికి. పెద్దదానికి ఏడేళ్ళు, వాడికి నాలుగు. ఆదివారం వస్తే ఎక్కడికో ఒకచోటికి బయల్దేరాల్సిందే. అలా తిరగ్గా తిరగ్గా నాకు తేలిందేమిటంటే, ఈ వయసు పిల్లలకి చేరే ఊరి కంటే దారిలో దాటే నీళ్ళే ముఖ్యం.

అందుకే అంతర్వేది వెళ్ళాలంటే చించినాడ వంతెన మీదుగా వెళ్ళే వీలున్నా నరసాపురం రేవుకే వెళ్తాం. అక్కడ గోదావరి పాయ వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి. ఇన్ని కార్లు, ఆటోలు, బైకులు, గడ్డిమోపులు, పెళ్ళికి పోయే జనం ఒక్క పంటు మీదికి, అంటే బళ్ళని కూడా దాటించే పెద్ద పడవ మీదికి, ఎక్కి నది దాటుతుంటే పిల్లలకి అంతకంటే తమాషా ఏముంటుంది? "ఇంత బరువుంటే ఎందుకు మునగదు నాన్నా?" అని పెద్దది అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టేలోపే పక్కన బుట్టతో కూర్చున్న మామ్మగారు "మునిగితే మనం ఎక్కుతామా తల్లీ" అని తేల్చేశారు. టికెట్ తక్కువ, ఆనందం ఎక్కువ. ఒక్క జాగ్రత్త చెప్పాలి. అవతలి రేవు తాకకముందే బైకులవాళ్ళు బళ్ళు స్టార్ట్ చేసి ముందుకు తోసుకొస్తారు, ఆ కాసేపూ చిన్నవాళ్ళని చంకనెత్తుకుని వెనకే నిలబడండి. మాఘమాసంలో అంతర్వేది రథోత్సవం రోజుల్లో మాత్రం పిల్లలతో ఆ రేవు ఛాయలకి కూడా వెళ్ళొద్దు. వరద పెరిగితే పంటు ఆపేస్తారు కాబట్టి జులై నుంచి సెప్టెంబరు దాకా ముందు ఎవరినైనా ఫోన్‌లో కనుక్కుని బయల్దేరడం మంచిది.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం మామూలు రోజుల్లో తొందరగానే అయిపోతుంది. అక్కడి నుంచి అన్నాచెల్లెళ్ళ గట్టుకి పోవాలి. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు అది. నది నీళ్ళ రంగు ఒకటి, సముద్రం రంగు ఒకటి, పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు. కానీ అక్కడ నీళ్ళలో దింపకండి, లోపలి లాగుడు పైకి కనిపించదు. చెట్టు నీడ అనేది లేదు, పొద్దున్నే వెళ్ళాలి లేదా నాలుగు దాటాక. బాత్రూమ్ పని గుడి దగ్గరే ముగించుకుని బయల్దేరండి. ఆడపిల్లలున్నవాళ్ళకి ఈ ముక్క గోపురాల వర్ణన కంటే పనికొస్తుంది.

పేరుపాలెం బీచ్ మాకు ఇంకా దగ్గర. కార్తీకమాసం ఆదివారాల్లో మాత్రం వనభోజనాల జనంతో కారు పెట్టే చోటుండదు. మామూలు రోజు సాయంత్రం ఇసుకలో ఆడించి తీసుకురావడానికైతే సరిపోతుంది, అంతే.

ఇక బస సంగతి. కోనసీమలో కొబ్బరితోటల మధ్య రిసార్టులు, హోమ్‌స్టేలు చాలా వచ్చాయి, ఫొటోల్లో అన్నీ బాగుంటాయి. మేం దిగిన ఒక రిసార్టులో పిల్లల ఈతకొలను ఉందని చెప్పి గది ఇచ్చారు. తీరా వెళ్తే అందులో నీళ్ళు లేవు, రిపేరు అన్నారు. పెద్దవాళ్ళ కొలను నా మెడ లోతుంది. రెండు రోజులూ చిన్నోడు దాని గట్టు మీద కూర్చుని కాళ్ళు ఆడించడమే. అద్దెలో రూపాయి తగ్గించలేదు. హౌస్‌బోటు కూడా నన్నడిగితే అయిదేళ్ళలోపు పిల్లలకి వద్దు. చీకటి పడ్డాక ఒడ్డున కట్టేస్తారు, ఇక రాత్రంతా కటకటాల పక్కన వాళ్ళకి కాపలా కాయడంతోనే మనకి తెల్లారుతుంది. దానికంటే పగటిపూట ఓ గంట పడవ తిరిగి రావడం మేలు.

హోమ్‌స్టే నాకు నచ్చింది. తోట యజమానురాలు పిల్లలకి కారం లేని పప్పు విడిగా వండి, "అన్నం చాలా అమ్మా, ఇంకొంచెం పెట్టనా?" అని కొసరి పెట్టారు. బుక్ చేసే ముందు రెండు అడగండి: దోమతెర ఉందా, కాయలు దింపించి ఎన్నాళ్ళయింది. ముదిరిన కాయలున్న చెట్ల కింద పిల్లల్ని ఆడించడం ప్రమాదం.

తిండి విషయంలో అంబాజీపేట పొట్టిక్కలకి మా ఇంట్లో పోటీ లేదు. పనసాకులు బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి ఉడికిస్తారు. ఆకు విప్పుకుని తినడం ఆట కాబట్టి, ఇంట్లో ఇడ్లీ చూసి మొహం తిప్పుకునే మావాడు రెండోది అడిగి తింటాడు. ఆత్రేయపురం పూతరేకులు పిల్లల చేతికి ఇస్తే సగం చొక్కా మీద రాలిపోతాయి, అవి ఇంటికి తెచ్చుకుని తినాల్సినవి. పులస చేప ముళ్ళతో చిన్నపిల్లలకి పని లేదు. ఆ ధరకి కూడా.

దూరం వెళ్ళగలిగితే కోరంగి. కాకినాడ దగ్గర మడ అడవి మధ్యలో చెక్కబాట వేశారు. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు గాలి పీలుస్తాయని చెప్తే మా పెద్దది ముక్కు మూసుకుని చెట్టు బాధ ఎలా ఉంటుందో పరీక్షించి చూసింది. ఆటు సమయానికి వెళ్తే పీతలు, బురదలో గెంతే చిన్న చేపలు బోలెడు కనిపిస్తాయి. పోటు ఉంటే పడవ షికారు బాగుంటుంది. రెండూ ఒకేసారి దొరకవు. మా ఓటు పీతలకే. బావురుపిల్లులు, నీటికుక్కలు ఉన్న అడవే కానీ పగటిపూట అవి కనిపిస్తాయని పిల్లలకి ఆశ పెట్టకండి. దోమల మందు రాసుకోండి, మంచినీళ్ళు మోసుకెళ్ళండి. చెక్కబాట మీద ఎంతసేపు నడిచినా చిన్నోడు ఎత్తుకోమనకపోవడం నేను కోరంగిలోనే చూశాను.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం దగ్గర ఇంకో రకం అనుభవం. దారిలో ఊరూరా గుర్రం మీద కాటన్ దొర విగ్రహాలు చూసి మా పిల్లలు ఆయనకి గుర్రంతాత అని పేరు పెట్టారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన పాత ఆనకట్ట పనిలో వాడిన యంత్రాలు అక్కడ ఉన్నాయి. ఏడేళ్ళ పిల్లకి ఆసక్తే, నాలుగేళ్ళవాడికి పది నిమిషాలు. ఆ తర్వాత బ్యారేజీ మీద గాలికి నిలబడితే ఇద్దరూ ఖుషీ. మన ఇంటి ముందు కాలువలో నీళ్ళు ఇక్కడి నుంచే వస్తాయని చెప్తే, "మరి ఎండాకాలం ఎందుకు ఆపేస్తారు?" అని పెద్దది అడిగింది.

బయటి ఊళ్ళవాళ్ళకి ఆ ప్రశ్న అక్షరాలా పనికొస్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. సెలవులు కదా అని మే నెలలో వస్తే ఫొటోల్లో చూసిన నిండు కాలువల బదులు బురద, తూటికాడ కనిపిస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి సమయం. సంక్రాంతికే రావాలనుకుంటే కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉంది. వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన ప్రభల్ని భుజాల మీద మోస్తూ కౌశిక పాయ నీళ్ళు దాటించడం చూసి తీరాల్సిందే కానీ, ఆ తొక్కిసలాటలో చిన్నపిల్లలతో కష్టం. ఈసారి పెద్దదాన్ని ఒక్కదాన్నే తీసుకెళ్దామనుకుంటున్నాను. ఆ సంగతి చిన్నోడికి ఇంకా చెప్పలేదు.