మారిషస్ దక్షిణాన ఒక రోజు: టికెట్ లేని చోట్లే బాగున్నాయి

మారిషస్ ప్యాకేజీ కాగితాల్లో ‘సౌత్ టూర్’ అని ఒక రోజు ఉంటుంది. అందులో ఎనిమిదో తొమ్మిదో చోట్లు రాసి ఉంటాయి. మేం ఆ కాగితం పక్కన పెట్టి, అద్దె కారు తీసుకుని సొంతంగా తిరిగాం. మేమంటే నేను, మా ఆయన, పదేళ్ళ మా అమ్మాయి, డెబ్బై దాటిన మా అత్తయ్యగారు. మాది కాకినాడ. వెళ్ళింది జూన్ మొదటి వారంలో. అక్కడ అప్పుడే చలికాలం మొదలవుతుంది, సాయంత్రం ఐదూ నలభై ప్రాంతంలో సూర్యుడు దిగిపోతాడు. ఆ సంగతి ముందే లెక్క వేసుకుని ఉంటే ఇంకో గంట ముందు బయల్దేరేవాళ్ళం.

కారే ఎందుకంటే, ముందు రోజు ఉత్తరం వైపు టాక్సీలో వెళ్ళాం. డ్రైవరు మర్యాదస్తుడే. కానీ మేం అడక్కుండానే ఓడ బొమ్మలు అమ్మే షోరూముకి తీసుకెళ్ళి ముప్పావు గంట కూర్చోబెట్టాడు. “కొనేది లేనప్పుడు ఎంతసేపని చూస్తాం అమ్మాయ్” అని అత్తయ్యగారు నా చెవిలో గొణిగారు. ఆ రాత్రే కారు బుక్ చేశాం. మనలాగే అక్కడా ఎడమ వైపే నడుపుతారు కాబట్టి మా ఆయనకు పెద్ద టెన్షన్ లేదు. జాగ్రత్తగా ఉండాల్సింది రౌండబౌట్ల దగ్గర. కుడి వైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి, అక్కడ నిజంగానే ఇస్తారు. లైసెన్సుతో పాటు ఇక్కడ తీసుకున్న అంతర్జాతీయ పర్మిట్ కూడా పట్టుకెళ్ళాం.

మేం దిగింది పడమటి తీరంలోని ఫ్లిక్ ఎన్ ఫ్లాక్‌లో, వంటిల్లున్న అపార్ట్‌మెంటులో. చాలామంది ఉత్తరాన గ్రాండ్ బేలో దిగుతారు, అక్కడ సందడి ఎక్కువ. దక్షిణం చుట్టి రావాలంటే మాత్రం పడమరే నయం. గది శుభ్రంగా ఉంది, బాల్కనీలోంచి సముద్రం ఓ ముక్క కనిపిస్తుంది. వంటింట్లో పన్నెండు వైన్ గ్లాసులున్నాయి గానీ అన్నం వండే గిన్నె ఒక్కటీ లేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు చిన్న కుక్కరు సూట్‌కేసులో పడేసుకోండి. ఆదివారం మధ్యాహ్నానికి చాలా షాపులు మూసేస్తారు, అది కూడా గుర్తుంచుకోండి.

ఎనిమిదిన్నరకి బయల్దేరి, దారిలో బండి దగ్గర ఆగి దాల్ పూరీ తిన్నాం. ఎప్పుడూ జంటగానే ఇస్తారు. పల్చటి పూరీలోపల ఉడికించిన పప్పు పొడి, పైన చిక్కుడు గింజల కూర, టమాటా పులుసు, పచ్చిమిర్చి పచ్చడి వేసి కాగితంలో చుట్టి చేతికిస్తారు. “బెల్లం వెయ్యని బొబ్బట్టు” అన్నారు అత్తయ్యగారు. ఇంకో జంట తీసుకున్నారు కూడా. పక్కనే ‘గాతో పిమా’ అని వేడివేడిగా వేస్తున్నారు. పేరు ఫ్రెంచిది గానీ చూస్తే మన పప్పు వడే. హోటల్లో తిన్న ఏ భోజనమూ ఈ కాగితం పొట్లానికి సాటిరాలేదు.

కాజ్ నొయాల్ దగ్గర తీరం వదిలి చమరెల్ కొండ ఎక్కాలి. వంపులు బాగా ఉన్నాయి. పైన ‘ఏడు రంగుల నేల’ ఉంది. అగ్నిపర్వతపు రాయి లక్షల ఏళ్ళుగా చివికి మట్టయితే, అందులోని ఇనుము, అల్యూమినియం సమ్మేళనాలు వేరుపడి ఇటుక ఎరుపు, గోధుమ, ఊదా రంగు చారలుగా కనిపిస్తాయి. నిజంగా వింతే. కానీ ఆ దిబ్బలు ఒక చిన్న మైదానమంత కూడా లేవు. కంచె బయట నడిచి చూసి రావడానికి ఇరవై నిమిషాలు చాలు. టికెట్ మనిషికి కొన్ని వందలు, అదీ వాళ్ళ రూపాయల్లో. వాళ్ళ రూపాయి మనకు సుమారు రెండు రూపాయలు. విదేశీయులకో ధర, స్థానికులకో ధర. ఎండ ఉంటేనే రంగులు తేలతాయి. మాకు మబ్బు పట్టింది. అదే టికెట్ మీద చమరెల్ జలపాతం, పెద్ద తాబేళ్ళు కూడా ఉన్నాయి కాబట్టి డబ్బులు పూర్తిగా దండగ అనను. మా అమ్మాయి ఏడు రంగులకంటే తాబేళ్ళ దగ్గరే ఎక్కువసేపు నిలబడింది. రమ్ము తయారుచేసే చోటు పక్కనే ఉంది, మాకు అక్కర్లేదు కాబట్టి వదిలేశాం.

అక్కడి నుంచి అడవి దారి. బ్లాక్ రివర్ గోర్జెస్ నేషనల్ పార్కు వ్యూ పాయింటుకు టికెట్ లేదు. లోయ మొత్తం పచ్చగా పరుచుకుని, దూరంగా సముద్రం కనిపిస్తుంది. ఆ దేశంలో అన్నిటికంటే ఎత్తయిన కొండ, 828 మీటర్లది, ఈ చుట్టుపక్కలే ఉంది. రోడ్డు పక్కన గోలీల సైజు ఎర్ర జామకాయలు ఉప్పూ కారం చల్లి అమ్ముతున్నారు. వాటిని చైనా జామ అంటారు. బయటి నుంచి వచ్చిన ఈ మొక్క అక్కడి సొంత అడవిని మింగేస్తోందట. మా వంతుగా రెండు ప్యాకెట్లు తిని అడవికి సాయం చేశాం.

గ్రాండ్ బాసిన్, అంటే అక్కడి హిందువులు పవిత్రంగా చూసే గంగా తలావ్ చెరువు, చేరేసరికి సన్నగా జల్లు. వైపర్ వేస్తే డ్రైవరు వైపుది కదల్లేదు. అప్పుడు తెలిసింది, కారు ఇచ్చిన ఏజెన్సీవాళ్ళు గీతలు మాత్రమే లెక్కబెట్టి సంతకం పెట్టించుకున్నారని. మేమూ వైపర్ చూసుకోలేదు, తప్పు మాదీ ఉంది. ఫోను చేస్తే “ఎదురుచూడండి” అన్నారు, ఎవరూ రాలేదు. కారు తీసుకునేటప్పుడు లైట్లు, వైపర్లు, స్టెప్నీ మీరే ఒకసారి చూసుకోండి.

దారి అక్కడ ఉన్నట్టుండి వెడల్పవుతుంది. శివరాత్రికి కాలినడకన వచ్చే లక్షల మంది కోసం అంత వెడల్పు. 108 అడుగుల శివుడి విగ్రహం పొగమంచులో నడుము వరకే కనిపించింది. చెరువు గట్టున గుళ్ళు, మెట్ల మీద కోతులు. అత్తయ్యగారి చేతిలోని అరటిపండ్లు శివుడికంటే ముందు వాటికే చేరాయి. గట్టు మీద ఒక ముసలావిడ అత్తయ్యగారి చీర కట్టు చూసి దగ్గరికొచ్చింది. “తెలుగూ?” అంది. తర్వాత మాట సాగలేదు, ఆవిడకు వచ్చింది అక్కడి వాడుక భాష క్రియోలే. పక్కనున్న కొడుకు ఇంగ్లీషులో చెప్పాడు. కాకినాడ పేరు వాళ్ళకు తెలియదు. “కొరింగా” అంటే తెలుసు. ఒకప్పుడు ఆ రేవు నుంచి ఓడల్లో వచ్చారని మారిషస్ తెలుగువాళ్ళను కొరింగీలనే పిలిచేవారట. మేం పిల్లల్ని వేసుకుని మడ అడవులు చూడ్డానికి వెళ్ళే మన కోరంగి అది! ఆవిడకు తెలిసిన ఇంకో తెలుగు మాట ‘అమ్మోరు’. ఏటా అమ్మోరు పండగ చేస్తారట. ఉగాదికి ఆ దేశమంతా సెలవని, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయని చదివి వెళ్ళాను. చదవడం వేరు, ఆవిడ అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని అమ్మోరు, అమ్మోరు అంటుంటే పక్కన నిలబడడం వేరు. గంటంపావు అక్కడే అయిపోయింది. ప్యాకేజీ బస్సు వాళ్ళకిచ్చేది అరగంట.

బ్వా షెరి టీ తోటలో ఫ్యాక్టరీ టూరు మానేసి టీ మాత్రం తాగాం. అక్కడ వెనిలా వాసన వేసిన టీ ఇష్టంగా తాగుతారు. “పాయసం కాచిన గిన్నెలో టీ పెట్టినట్టుంది” అన్నారు అత్తయ్యగారు. నాకు నచ్చింది.

కిందికి దిగుతుంటే రెండు పక్కలా తల ఎత్తు చెరకు, పైన తెల్లటి పూత. మారిషస్ చుట్టూ పగడపు దిబ్బ ఉండడం వల్ల చాలా తీరాల్లో సముద్రం చెరువులా ఉంటుంది. సూయాక్ దగ్గర గ్రీ గ్రీలో మాత్రం ఆ దిబ్బ తెగిపోయింది, కాబట్టి అలలు నేరుగా నల్లరాతి గట్టును కొడతాయి. దిగి ఈత కొట్టే చోటు కాదు, పిల్లల్ని అంచుకు పోనివ్వకూడదు. పార్కింగుకు పైసా అడగలేదు. రోచెస్టర్ జలపాతం వదిలేశాం, టైము లేక.

ఇక ఆ రోజుకంతటికీ మంచి దారి, సూయాక్ నుంచి పడమరగా బేల్ ఓంబ్ర్, బే ద్యు కాప్ మీదుగా లె మోర్న్ దాకా. ఇరుకు రోడ్డు, పక్కనే నీళ్ళు, చేపల పడవలు, బట్టలారేసిన ఇళ్ళు. మకోండ్ అనే చోట రోడ్డు రాతి కొండను చుట్టి సముద్రంలోకి తొంగి చూసినట్టు వంపు తిరుగుతుంది. మెట్లెక్కితే ఆ వంపు మొత్తం కనిపిస్తుంది. అత్తయ్యగారు కిందే కారులో కూర్చున్నారు. బే ద్యు కాప్‌లో ఫ్లిండర్స్ స్మారకం ఉంది. ఆస్ట్రేలియా తీరాలకు మ్యాపు గీసిన ఆ నావికుడు 1803లో ఓడ పాడై ఇక్కడ ఆగితే, అప్పటి ఫ్రెంచి పాలకులు పట్టుకుని 1810 దాకా వదల్లేదు. మా కారు ఒక్క వైపర్‌తోనే అయినా నడిచింది, ఆయనకంటే మేమే నయం.

లె మోర్న్ బీచిలో సరుగుడు చెట్లు మన ఉప్పాడ వైపు చెట్లలాగే ఉన్నాయి. వెనకాల గోడలా నిలబడ్డ కొండ ఎత్తు 556 మీటర్లు. తోటల నుంచి పారిపోయిన బానిసలు దాని మీద దాక్కునేవారు. 1835లో బానిసత్వం రద్దయిందని చెప్పడానికి పోలీసులు వస్తే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొందరు పైనుంచి దూకేశారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. యునెస్కో 2008లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మా అమ్మాయి విని, “మరి వాళ్ళు వెళ్ళిపోతే చెరకు ఎవరు నరికారు?” అంది. ఆ తర్వాత మన దేశం నుంచి కూలీలుగా తీసుకొచ్చినవాళ్ళు, అంటే పొద్దున గంగా తలావ్ దగ్గర కనిపించిన బామ్మగారి తాతముత్తాతలని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

మొత్తం తిరిగింది 130 కిలోమీటర్లు, అటూ ఇటూ. రాత్రి ఏడుకు గదికొచ్చి చారు కాచుకున్నాం.

మర్నాడు కారు అప్పగించేటప్పుడు వైపర్ సంగతి చెబితే, “గ్రాండ్ బాసిన్‌లో ఎప్పుడూ వానే కదా మేడమ్” అన్నాడు ఆ అబ్బాయి, తప్పు చెరువుదన్నట్టు. డిపాజిట్ పన్నెండో రోజున తిరిగొచ్చింది. సీట్ల కింద ఇసుక దులిపినందుకని కొంత కోసుకున్నారు.