హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4: ఓడలకూ డివిజన్లకూ పేర్లు పెడుతూ ఏడేళ్లు

"బావా, వంశధార పోయింది."

రాత్రి పదకొండు దాటింది. హెడ్‌ఫోన్‌లో మా బావ గొంతు. హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన కంప్యూటర్ వ్యూహాల ఆట, ఇందులో ఇద్దరు కలిసి ఒకే దేశాన్ని ఆడొచ్చు. మేం బ్రిటిష్ ఇండియా తీసుకున్నాం. నౌకాదళం అతనిది, నేలమీది సైన్యం నాది. బర్మా కొండల్లో సరఫరా అందక నీరసించిపోయిన డివిజన్లతో, అంటే వేలమంది ఉండే సైనిక దళాలతో, కుస్తీ పడుతున్నవాణ్ణి, ఆ మాట వినగానే మౌస్ వదిలేశాను.

లెక్క ప్రకారం పోయింది ఒక్క డిస్ట్రాయర్, వేగంగా తిరిగే చిన్న యుద్ధనౌక. అలాంటివి మాకింకా పన్నెండున్నాయి. ‘డిస్ట్రాయర్ 7 మునిగింది’ అని ఉంటే తల కూడా ఎత్తేవాణ్ణి కాను. కానీ వంశధార మా అమ్మమ్మగారి ఊరి పక్కన పారే ఏరు. ఎండాకాలం సెలవుల్లో ఇసుకలో చెలమ తవ్వుకుని నీళ్లు తాగిన ఏరు. "ఎక్కడ? ఎలా పోయింది?" అని అడిగాను. బావ కాసేపు పలకలేదు. సరుకు ఓడలకు కాపలాగా దాన్ని ఒంటరిగా పంపింది తనే. ఆ తర్వాత ఏ ఓడనీ ఒంటరిగా పంపలేదు. పేరు వల్ల ఆట తీరే మారిపోయింది.

అందుకే ఈ సమీక్ష ఆట మొత్తం గురించి కాదు. ఇందులో పేర్లు పెట్టే ఏర్పాటు గురించే. 2016 జూన్ 6న, అంటే 1944లో మిత్రరాజ్యాల సైన్యాలు ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిన తేదీనే విడుదలైన ఈ ఆట గురించి మిగతా సంగతులు చాలామంది రాశారు. పేర్ల గురించి మాత్రం ఒకటి రెండు వాక్యాలు రాసి వదిలేస్తారు. ఏడేళ్లుగా ఆడుతున్న నాకు ఇదే ఆటకు ప్రాణం అనిపిస్తుంది.

ఏర్పాటు రెండు అంచెలు. మొదటిది తేలిక. ఓడ మీదో డివిజన్ మీదో నొక్కి, పేరు ఉన్నచోట మళ్లీ నొక్కి, నచ్చింది టైపు చేయడమే. కొత్తవాళ్లంతా ఇక్కడే ఆగిపోతారు. అరవై డివిజన్లకూ నలభై ఓడలకూ ఇలా ఒక్కొక్కటిగా పెట్టాలంటే ఓపిక చాలదు. సగంలో వదిలేస్తే కొన్నిటికి మన పేర్లు, కొన్నిటికి ఆట ఇచ్చినవి మిగిలి, చూడ్డానికి కలగాపులగంగా ఉంటుంది.

రెండో అంచె జాబితాలు. ఆట ఫోల్డర్‌లో దేశానికో ఫైలు చొప్పున మామూలు అక్షరాల్లో ఉంటాయి, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. ఈ జాబితా ఏ దేశానికి, ఏ రకం ఓడకు, పేరు ముందు ఏ అక్షరాలు రావాలి, పేర్లు అయిపోతే ఏం పెట్టాలి, ఇవన్నీ అందులో వరసగా రాసి ఉంటాయి. అసలు ఫైలును ముట్టుకోకుండా దాని నకలును సొంత మాడ్‌గా, అంటే ఆటకు మనం చేర్చుకునే మార్పుగా, చేసుకుంటే, తయారీ వరుసలోంచి బయటికొచ్చే ప్రతి ఓడా మన జాబితాలోంచి పేరు తీసుకునే పుడుతుంది. కోడింగ్ రానక్కర్లేదు. ఒక్క ఫ్లవర్ బ్రాకెట్ మూయడం మర్చిపోతే మాత్రం దాని కిందున్నదంతా పనిచేయదు, ఎందుకో చెప్పే దిక్కు ఉండదు. మొదటిసారి నాకు ఒక ఆదివారమంతా దానికే పోయింది.

డివిజన్ల జాబితాలో నాకు బాగా నచ్చింది అంకెలు కలిపే సౌకర్యం. పదాతి జాబితానీ మోటారు దళాల జాబితానీ జోడిస్తే ఒకే అంకె రెండిటికీ రాదు. నిజం సైన్యాల్లోనూ పద్ధతి ఇంచుమించు అలాంటిదే కనుక ఈ చిన్న విషయం పట్టించుకున్నవాళ్ల మీద గౌరవం కలిగింది.

ఇక అసలు సంగతి. పేరు అందంగా ఉంటే చాలదు, పేరు వెనుక నియమం ఉండాలి. ఇది నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది. మొదట్లో రాజుల పేర్లు, నదుల పేర్లు, పురాణాల పేర్లు కలిపేసి నచ్చినట్టు పెట్టేవాణ్ణి. పోరు మొదలయ్యాక ‘రుద్రమ దెబ్బతింది’ అని వస్తే అది క్రూయిజరో (డిస్ట్రాయర్ కంటే పెద్ద ఓడ) జలాంతర్గామో గుర్తొచ్చేది కాదు. జపాన్ నౌకాదళం సంగతి చదివాక కళ్లు తెరుచుకున్నాయి. వాళ్ల బ్యాటిల్‌షిప్‌లకు, అంటే పెద్ద ఫిరంగుల యుద్ధనౌకలకు, పాత రాష్ట్రాల పేర్లు, యమాతో, నాగాతో లాగ. భారీ క్రూయిజర్లకు కొండలు, తేలిక క్రూయిజర్లకు నదులు. డిస్ట్రాయర్లలో చాలావాటికి గాలీ మంచూ. యుకికాజె అంటే మంచుగాలి. ఈ నియమం ఎంత గట్టిదంటే విమానవాహక నౌకలు అకాగి, కాగాల పుట్టుక వాటి పేర్లలోనే కనిపిస్తుంది. అకాగి కొండ పేరు, ఎందుకంటే మొదట బ్యాటిల్ క్రూయిజర్‌గా మొదలైంది. కాగా రాష్ట్రం పేరు, ఎందుకంటే బ్యాటిల్‌షిప్‌గా మొదలైంది. అమెరికా వాళ్లకు బ్యాటిల్‌షిప్‌లంటే రాష్ట్రాలు, క్రూయిజర్లంటే నగరాలు, జలాంతర్గాములంటే ఎక్కువగా చేపలు. మన నౌకాదళమూ అంతే. విశాఖపట్నం తరగతి డిస్ట్రాయర్లు ఊళ్లు, నీలగిరి తరగతి ఫ్రిగేట్లు కొండలు.

అప్పుడు నా జాబితాలు చింపేసి మళ్లీ మొదలుపెట్టాను. డిస్ట్రాయర్లకు ఏర్లు: వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని, శారద, తాండవ. పెద్ద నదుల్ని తేలిక క్రూయిజర్లకు దాచాను. భారీ క్రూయిజర్లకు కోటలు: ఓరుగల్లు, గోల్కొండ, కొండవీడు, గండికోట, చంద్రగిరి. జలాంతర్గాములకు చేపలు: వంజరం, చందువ, పండుగప్ప, సొర, టేకు. ఇక్కడ బావకూ నాకూ పెద్ద వాదన నడిచింది. కొరమేను ఉండాలని నేను. చెరువు చేపను సముద్రంలోకి ఎలా దింపుతావని అతను. ఓడిపోయాను, కొరమేనును తీసేశాను. పులస మీద మాత్రం నేనే గెలిచాను. అది సముద్రంలోంచి గోదావరికి ఎదురీది వచ్చే చేప, అంతకంటే మంచి పేరు జలాంతర్గామికి దొరకదు.

ఇప్పుడు ‘చంపావతి దెబ్బతింది’ అంటే చూడకుండానే తెలుస్తుంది, డిస్ట్రాయర్ అని. నియమం లేని రోజుల్లో ప్రతి పేరుకీ ఒకసారి ఆగి వెతుక్కునేవాణ్ణి.

బ్రిటిష్ ఇండియాగా ఆడేవాళ్లకు చెప్పాల్సిన విషయం ఇంకొకటుంది. ఆనాటి రాయల్ ఇండియన్ నేవీలో నదుల పేర్లున్న స్లూప్‌లు, అంటే కాపలా తిరిగే చిన్న యుద్ధనౌకలు, ఉండేవి: సట్లెజ్, జమ్నా, నర్బదా, గోదావరి, కావేరి, కిస్త్నా. ఈ చివరిది మన కృష్ణే, ఆంగ్లేయులు రాసిన తీరు. దేశం రెండైనప్పుడు ఓడల్నీ పంచుకున్నారు. నర్బదా, గోదావరి పాకిస్తాన్ వాటాకు వెళ్లాయి. అక్కడ గోదావరి పేరు సింధ్‌గా మారింది, నర్బదా జీలంగా మారింది. గోదావరి అనే పేరు మళ్లీ మన నౌకాదళంలోకి 1983 డిసెంబరు 10న వచ్చింది, ఫ్రిగేట్ రూపంలో. మధ్యలో దాదాపు 36 ఏళ్లు. ఇది చదివిన రోజున ఆటలో నా గోదావరిని రేవుకు పిలిపించుకుని మళ్లీ ఒకసారి చూసుకున్నాను.

అదే దళంలో బెంగాల్ అనే చిన్న ఓడ ఉంది. 1942 నవంబరు 11న ఒండినా అనే డచ్చి ట్యాంకరుతో కలిసి, తనకంటే ఎంతో పెద్దవైన రెండు జపాన్ ఓడల్ని ఎదుర్కొంది. వాటిలో హోకోకు మారు మునిగిపోయింది. నా ప్రతి ఆటలోనూ బెంగాల్ ఉంటుంది. నియమాన్ని పక్కనపెట్టి ఉంచుకున్న పేరు ఇదొక్కటే.

హైదరాబాదుకూ ఈ కథలో చోటుంది. ‘ఎన్’ అక్షరంతో పేర్లు మొదలయ్యే ఒక బ్రిటిష్ డిస్ట్రాయర్ల తరగతిలో నైజాం అనే ఓడ ఉంది, ఏడో నిజాం పేరు మీదే. దాన్ని నడిపింది ఆస్ట్రేలియా నౌకాదళం. బ్రిటన్ వాయుసేనలో 110, 152, 253 స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు ఉండేది. ఆస్ట్రేలియా ఆడేటప్పుడు నైజామును కనిపెట్టి చూడండి.

నేలమీదికొస్తే నేను అంకెల్ని మార్చను. నాలుగో ఇండియన్ డివిజన్ అంటే ఎర్ర గద్ద గుర్తు, ఎరిట్రియాలోని కెరెన్ కొండల పోరు, ఇటలీలోని కసీనో పోరు. ఆ అంకెకు అంత చరిత్ర ఉండగా అందమైన పేరెందుకు? రెజిమెంట్ల పేర్లు మాత్రం నన్ను ఆలోచనలో పడేస్తాయి. ఆ యుద్ధంలో పోరాడిన 19వ హైదరాబాద్ రెజిమెంట్ మూలం నిజాం కంటింజెంట్. కానీ కాలం గడిచేకొద్దీ అందులో హిమాలయాల దగ్గరి కుమావోన్ వాళ్లే ఎక్కువయ్యారు. 1945 అక్టోబరులో పేరు కూడా కుమావోన్ రెజిమెంట్‌గా మార్చారు. పేరు ఒక ఊరిది, మనుషులు ఇంకో ఊరివాళ్లు. ఆటలో హైదరాబాద్ అనే డివిజన్‌ను పెట్టాలనుకున్నప్పుడల్లా ఇది గుర్తొచ్చి ఆగిపోతాను.

ఒక తప్పు చేశాను, అదీ చెబుతాను. మ్యాన్ ద గన్స్ అనే అదనపు భాగం 2019 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో ఒక పెద్ద ఓడను నౌకాదళానికి గర్వకారణంగా ప్రకటించొచ్చు. అది ఉన్నంతకాలం ప్రజల యుద్ధోత్సాహం పెరుగుతుంది, మునిగితే పడిపోతుంది. నేను మా మొదటి విమానవాహక నౌకకు ‘భారత్’ అని పెట్టి దానికే ఆ గౌరవం ఇచ్చాను. ఇక దాన్ని రేవులోంచి కదిలించడానికి చెయ్యి రాలేదు. యుద్ధం సగం అయ్యేదాకా ఒక్క విమానం కూడా దాని మీంచి ఎగరలేదు. జర్మనీ వాళ్లూ ఇదే చిక్కులో పడ్డారు. డాయిష్‌లాండ్, అంటే జర్మనీ అనే పేరున్న ఓడ మునిగితే ఆ వార్తకే దేశం కుంగిపోతుందని హిట్లర్ భయపడి దాని పేరు లుట్సోవ్‌గా మార్పించాడు. నేను కూడా తర్వాతి ఆటలో భారత్‌ను తీసేసి మహేంద్రగిరి అని పెట్టుకున్నాను. అది హాయిగా సముద్రంలో తిరిగింది.

లోపాలకు వస్తే, అన్నిటికంటే పెద్దది మతిమరుపు. మనం పెట్టిన పేరు ఏం చేసిందో ఆటకు పెద్దగా పట్టదు. 2022లో వచ్చిన బై బ్లడ్ ఎలోన్ అనే ఇంకో అదనపు భాగంతో డివిజన్ల అధికారులకు పతకాలు, కొంత చరిత్ర వచ్చాయి. చాలా సంతోషించాను. కానీ ఓడల విషయంలో ఆ శ్రద్ధ లేదు. ఏడేళ్లుగా నేనూ బావా ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాం, ఏ ఓడ ఎక్కడ పోరాడింది, ఎప్పుడు పోయింది అని. రోమ్ 2 టోటల్ వార్ అనే ఆటలో ఒక సైన్యం మొత్తం నాశనమైనా, దాని పేరుతో, అది సంపాదించుకున్న సంప్రదాయాలతో మళ్లీ నిలబెట్టొచ్చు. అలాంటిది ఇక్కడ ఉంటే నా సగం ఫిర్యాదు తీరేది. సివిలైజేషన్ 5 అనే ఆటలో దళానికి మొదటి పదోన్నతి వచ్చినప్పుడు పేరు పెట్టుకోవచ్చు. తక్కువే, కానీ పేరును సంపాదించుకోవాలన్న ఆ ఆలోచన నాకిష్టం.

సరుకు ఓడలకు అసలు పేర్లే లేవు, కాన్వాయ్‌లన్నీ కలిపి ఒక అంకె. 1948 మార్చిలో విశాఖలో నెహ్రూ జలప్రవేశం చేయించిన జలఉష అనే సరుకు ఓడ పేరు తెలిసినవాడికి ఇది వెలితిగానే ఉంటుంది. విమాన దళాల్ని విడదీసి, కలిపి, మళ్లీ విడదీస్తే పెట్టిన పేర్లు నిలవవు, అందుకే వాటి జోలికి పోవడం మానేశాను. పొడుగాటి పేర్లు చిన్న గడుల్లో సగానికి తెగిపోతాయి. పన్నెండు అక్షరాలు దాటకుండా చూసుకోండి. తెలుగు లిపి కనిపించదు, ఇంగ్లిషు అక్షరాల్లోనే రాసుకోవాలి. గోస్తనిని ఎన్ని రకాలుగా రాసినా నాకు తృప్తి లేదు. కిస్త్నా అని రాసిన ఆంగ్లేయుడి ఇబ్బంది ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. ఇంకో మాట, ఆట కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా జాబితాలు ఒకసారి తెరిచి సరిచూసుకోవాలి, మాడ్ నకలు వేరేచోట దాచుకోవాలి.

కొనొచ్చా అంటే, పేర్ల కోసమే అయినా కొనొచ్చని నేనంటాను. మ్యాన్ ద గన్స్ కూడా ఉండేలా చూసుకోండి. మొదటి ఆటలో జాబితాల జోలికి పోకుండా నాలుగైదు ఓడలకే చేత్తో పేర్లు పెట్టండి, మీకు తెలిసిన ఏర్ల పేర్లు. అవి నచ్చాక నోట్‌ప్యాడ్ తెరవండి.

వంశధార సంగతి ఇంకా తేలలేదు. పోయిన ఓడ పేరును కొత్తదానికి పెట్టడం నౌకాదళాల్లో ఉన్న పద్ధతే. గుర్ఖా అనే బ్రిటిష్ డిస్ట్రాయర్ 1940 ఏప్రిల్‌లో నార్వే దగ్గర మునిగితే, గుర్ఖా సైనికులు తలా ఒకరోజు జీతం ఇచ్చారు, కడుతున్న మరో ఓడకు ఆ పేరు పెట్టారు. మన విమానవాహక నౌక విక్రాంత్ 1997లో విశ్రాంతి తీసుకుంటే, ఆ పేరు 2022 సెప్టెంబరు 2న కొత్త నౌక మీద మళ్లీ వచ్చింది. ఇదంతా బావకు చెప్పాను, తర్వాత వచ్చే డిస్ట్రాయర్‌ను వంశధార చేద్దామన్నాను.

"ఇంకో ఓడ దిగనీ బావా, అప్పుడు చూద్దాం," అన్నాడు. ఆ తర్వాత మూడు దిగాయి. మూడిటికీ వేరే పేర్లే పెట్టాడు.