లండన్ నోటీసు పట్టుకుని అదాలత్ దగ్గరి వకీలు ఆఫీసుకు పోతే

హనుమకొండ అదాలత్ దగ్గర, జిరాక్స్ షాపు పైన ఉన్న ఒక వకీలు ఆఫీసు గురించి ఈ రివ్యూ. పేరు రాయొద్దన్నారు, వకీళ్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూల్ ఉందట.

మాది చిన్న యూట్యూబ్ న్యూస్ చానల్. గల్ఫ్‌కు పంపిస్తామని జగిత్యాల, సిరిసిల్ల వైపు పిల్లల దగ్గర డబ్బులు గుంజిన ఒక ఏజెన్సీ మీద స్టోరీ చేశాం. కొన్నాళ్లకు లండన్ లాయర్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. వీడియో తీసేసి క్షమాపణ చెప్పాలి, లేదంటే ఇంగ్లండ్ కోర్టులో పరువు నష్టం దావా వేస్తారట. అడిగింది పౌండ్లలో. రూపాయల్లోకి మార్చి చూసుకున్నాక మా కెమెరామన్ ఆ రాత్రి అన్నం తినలేదు.

వకీలు సాబ్ మెయిల్ ప్రింటు మొదటి పేజీ, చివరి పేజీ చూసి, పెన్సిల్‌తో సంతకం చుట్టూ గుండ్రంగా గీసి "తమ్మీ, దీని మీద కోర్టు ముద్ర ఏది? ఇది ఉత్తరం, సమన్లు గాదు" అన్నారు. సగం టెన్షన్ అక్కడే పోయింది.

తర్వాత చెప్పిందే అసలు సరుకు. 2003లో అమెరికాలో రేచల్ ఎరెన్‌ఫెల్డ్ అనే రచయిత్రి ఉగ్రవాదులకు డబ్బు ఎక్కడిదని పుస్తకం రాస్తే, ఒక సౌదీ కోటీశ్వరుడు లండన్‌లో కేసు వేశాడు. బ్రిటన్‌లో అమ్ముడైనవి 23 కాపీలే! ఆమె అక్కడికి వెళ్లి వాదించలేదు, తీర్పు ఆమెకు వ్యతిరేకంగా వచ్చింది. ఆ గొడవతోనే 2008లో న్యూయార్క్ ఒక చట్టం చేసింది, 2010లో అమెరికా మొత్తానికి ఇంకోటి వచ్చింది: వాక్ స్వాతంత్ర్యానికి తమ దగ్గరున్నంత రక్షణ లేని పరాయి దేశపు పరువు నష్టం తీర్పులు అక్కడ చెల్లవు. బ్రిటన్ కూడా 2013 చట్టంలో, బయటి దేశాల వాళ్ల మీద కేసు వేయాలంటే దానికి ఇంగ్లండే తగిన చోటని తేల్చాలని పెట్టింది.

మరి మన సంగతి? అట్లాంటి చట్టం మనకు లేదు. పైగా సివిల్ ప్రొసీజర్ కోడ్ (సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 44ఎ సెక్షన్ ప్రకారం బ్రిటన్‌లోని పెద్ద కోర్టులు ఇచ్చిన డిక్రీని, అంటే తీర్పు ఆదేశాన్ని, ఇక్కడి జిల్లా కోర్టులోనే అమలుకు పెట్టొచ్చు. అట్లా డిక్రీలు అమలుకు పెట్టగల దేశాల జాబితాలో 2020 నుంచి యూఏఈ కూడా ఉంది, గల్ఫ్ మీద రాసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే. అయితే అదే కోడ్‌లో 13వ సెక్షన్ ఉంది: మన మాట వినకుండా, మంచిచెడ్డలు విచారించకుండా ఇచ్చిన తీర్పైతే ఆపించుకోవచ్చు. ఆపించుకోవడానికి మళ్లీ మనమే ఖర్చు పెట్టుకోవాలి. వాళ్లు గెలవక్కర్లేదు, మనం ఖర్చుకు జడిస్తే వాళ్లకు చాలు.

నచ్చనివీ ఉన్నాయి. మాట్లాడటానికి వెయ్యి తీసుకున్నారు, జవాబు డ్రాఫ్టుకు వేరే ఫీజని చివర్లో చెప్పారు. జవాబు ఇంగ్లిష్‌లోనే ఇచ్చారు, తెలుగు కాపీ అడిగితే టైపిస్టు లేడన్నారు. ఇంకోటి, గొడవెందుకు, కొన్నాళ్లు వీడియో ప్రైవేట్‌లో పెట్టుకోండని సలహా. అంత వివరంగా చెప్పిన మనిషి నోటి నుంచి ఆ మాట రావడం అస్సలు నచ్చలేదు. పెట్టలేదు కూడా.

అయినా నాలుగు స్టార్లు ఇస్తా. వెళ్లేవాళ్లు కట్ చేయని ఫుటేజీ, బాధితులు డబ్బు పంపిన రసీదులు, ఏజెన్సీని వివరణ అడిగిన మెసేజ్‌లు పట్టుకుపోండి, ముందు అవే అడుగుతారు. పగలు కోర్టులోనే ఉంటారు కాబట్టి సాయంత్రం ఆరు దాటాకే పోండి.