ఉగ్రస్తంభం ఎక్కాలంటే ముందు రాత్రి ఎక్కడ పడుకోవాలి?

నల్లమల కొండల్లోని నరసింహ క్షేత్రం అహోబిలం మేం రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి అక్కడి కొండ శిఖరం ఉగ్రస్తంభం ఎక్కకుండానే తిరిగొచ్చాం, రెండోసారి ఎక్కాం. కొండ అదే, మనుషులం మేమే. తేడా అంతా నెలలోనూ, ముందు రోజు రాత్రి బసలోనూ ఉంది.

మొదటిసారి వెళ్లింది మార్చిలో. హైదరాబాద్ నుంచి కర్నూలు, నంద్యాల మీదుగా ఆళ్లగడ్డ చేరాం. హైవే పక్కనే లాడ్జి కనిపిస్తే దిగిపోయాం. గదికి వంక పెట్టడానికి లేదు. కానీ ఐదింటికి వస్తానన్న ఆటో ఏడున్నరకు వచ్చింది. అక్కణ్నుంచి దిగువ అహోబిలం దాదాపు పాతిక కిలోమీటర్లు, ఎగువ అహోబిలం ఇంకో ఎనిమిది. పైన దర్శనం చేసుకుని నడక మొదలుపెట్టేసరికి పది దాటింది. ఉగ్రస్తంభం దారి మధ్యలో ఉన్న జ్వాలా నరసింహుడి గుడికి చేరేటప్పటికి రాళ్లు కాలుతున్నాయి, తెచ్చుకున్న నీళ్లు అయిపోవచ్చాయి. అమ్మ ముఖం చూశాక పైకి వెళ్దామనే మాటే ఎత్తలేదు.

అందుకే రెండోసారి నవంబరు ఎంచుకున్నాం, బస దిగువ అహోబిలంలోనే పెట్టుకున్నాం. అక్కడ పర్యాటక శాఖ హోటల్ ఉంది, అహోబిల మఠం వసతి గృహం ఉంది, అన్నదాన సత్రాలున్నాయి. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే హోటల్ సుఖం. మాకు మాత్రం సత్రమే నచ్చింది. గది చిన్నదే, మంచాలు గట్టివే. కానీ రాత్రి భోజనం వేళకు పెట్టారు, తెల్లవారుజామున బయల్దేరతామంటే గేటు తీసిపెట్టారు. కొండ ఎక్కేవాడికి అంతకన్నా ఏం కావాలి? శని, ఆదివారాల్లోనూ, స్వాతి నక్షత్రం రోజునా రద్దీ ఉంటుంది, ముందే ఫోన్ చేసుకుని వెళ్లాలి.

తెల్లారేసరికి ఎగువ అహోబిలంలో ఉన్నాం. కర్రలు అక్కడే దొరుకుతాయి, తలా ఒకటి తీసుకోండి. దిగేటప్పుడు మోకాళ్లకు ఆసరా అదే. చాలామంది గుడి బయట చెప్పులు వదిలి, అలాగే వట్టి కాళ్లతో నడక మొదలుపెడతారు. భక్తిని కాదనను కానీ, పై దారికి పట్టున్న బూట్లు ఉండాలి. తినేవి చేతి సంచిలో పెట్టుకోకండి, కోతులు లాక్కుంటాయి.

అమ్మకు డోలీ మాట్లాడాం. నలుగురు మోస్తారు, బేరం కిందే తేల్చుకోవాలి. మాకు దారి చూపడానికి ఒక చెంచు కుర్రాణ్ని వెంటబెట్టుకున్నాం. జ్వాలా గుడి దాకా అయితే గైడు అక్కర్లేదు, దారి తెలుస్తూనే ఉంటుంది. భవనాశిని వాగు పక్కనే నడక, క్రోడ నరసింహుడి గుడి, తర్వాత మెట్లు, బండలు, మళ్లీ మెట్లు, మొత్తం నాలుగు కిలోమీటర్ల లోపే. వానలు వెనకబట్టినా వాగులో నీళ్లు గలగలమంటూనే ఉన్నాయి. గుడి దగ్గర పడుతుండగా పైనుంచి జలపాతం సరిగ్గా దారి మీదే పడుతుంది, తడవకుండా దాటలేం. ఫోన్లు కవర్లో చుట్టుకోండి.

మేం చేరేసరికి గుడి ఇంకా తెరవలేదు. ఉగ్రస్తంభానికి వెళ్లాలా వద్దా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. టైమెంతయింది, నీళ్లెన్ని ఉన్నాయి, మోకాళ్లు ఏమంటున్నాయి, ఈ మూడూ చూసుకుని. "ఎండెక్కితే పైన రాయి పట్టుకోలేం పెద్దమ్మా, మీరీడే కూసోండి" అన్నాడా కుర్రాడు. అమ్మ నవ్వి సరేనంది.

జ్వాలా గుడి దగ్గరున్న రక్తకుండం అనే నీటి గుంట దాటాక మెట్లు ఉండవు. చెట్ల వేర్లు, జారే గులకరాళ్లు, అక్కడక్కడా చేతులు కూడా వాడాల్సిన బండలు. గైడు అసలు కావలసింది ఇక్కడే. రెండు చోట్ల దారి ఉన్నట్టే కనబడి లోయలోకి తీసుకెళ్తుంది, మేమైతే తప్పకుండా అటే పోయేవాళ్లం. పైన మా ఫోన్లకు సిగ్నల్ కూడా లేదు. ఒకచోట ఎలుగుబంటి తవ్విన చెదపుట్ట చూపించి, మాట్లాడుకుంటూ నడవమన్నాడు. ఇది పులులున్న నల్లమల. వానలు పడ్డప్పుడూ, ప్రమాదమనిపించినప్పుడూ అటవీశాఖ వాళ్లు పై దారి ఆపేస్తారు. ఆపితే వాదించకండి, తడి బండల మీద ఈ ఎక్కుడు ప్రాణం మీదికి తెస్తుంది.

జ్వాలా గుడి నుంచి గంటన్నర పట్టింది. కింద నుంచి రెండుగా చీలినట్టు కనిపించే కొండ, దగ్గరికెళ్తే నిట్టనిలువు రాతి కంబం. హిరణ్యకశిపుడి కొలువులోని స్తంభం ఇదేననీ, స్వామి ఇందులోంచే వచ్చాడనీ నమ్మకం. శిఖరం మీద స్వామి పాదాలు, ఒక జెండా, నిలబడడానికి కొంచెం చోటు, అంతే. గాలి బలంగా కొడుతుంది. సెల్ఫీ కోసం అంచుకు పోయే పిల్లల్ని చూస్తే గుండె ఝల్లుమంది. కూర్చుని చూడండి. నాలుగు దిక్కులా నల్లమల తప్ప ఏమీ కనబడదు, ఆ పచ్చదనం ముందు నాకు మాట రాలేదు.

దిగడమే కష్టం, ఎక్కినంత సేపూ పట్టింది. కిందికొచ్చేసరికి గుడి తెరిచారు. ఎనిమిది చేతుల జ్వాలా నరసింహుణ్ని అమ్మతో కలిసి చూశాం. అక్కణ్నుంచి మాలోల నరసింహుడి గుడికీ, ప్రహ్లాద బడికీ దారి ఉంది. మాలోల నరసింహుడి ఉత్సవమూర్తిని అహోబిల మఠం పీఠాధిపతులైన జీయర్లు తమ వెంట ఊరూరా తీసుకెళ్తారు. ఓపిక ఉంటేనే అదే రోజు పెట్టుకోండి, మాకు కాళ్లు వణికి మర్నాటికి వాయిదా వేశాం. పావన నరసింహుడి గుడికి జీపు ప్రయాణం కూడా మర్నాడే. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఆ జీపు జోలికి పోవద్దు. జీపు వాళ్లు చెప్పిన మొదటి రేటుకు ఒప్పుకోకండి, వేరే కుటుంబంతో కలిస్తే సగం ఖర్చు తగ్గుతుంది.

సంక్రాంతి తర్వాత చలికాలం బాగుంటుందని కొందరు అప్పుడు వెళ్తారు. నడకకు మంచి కాలమే. కానీ అప్పుడు ఉత్సవమూర్తులు పారువేటకు, అంటే స్వామి వేట ఉత్సవానికి, పల్లకీలో ఊళ్ల మీదికి వెళ్లి ఉంటారు, తిరిగి రావడానికి నెల పైనే పడుతుంది. అమ్మకు వాళ్లనూ చూడాలని ఉంది కాబట్టి మూడోసారి కూడా నవంబరులోనే.