కార్వెట్, స్లూప్, ఫ్రిగేట్: కాన్వాయ్‌కి కాపలాగా ఏది మేలు?

రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రం అనగానే చాలామందికి బిస్మార్క్ లాంటి భారీ నౌకలే గుర్తొస్తాయి. నాకు మాత్రం కాన్వాయ్, అంటే సరుకు ఓడల గుంపు పక్కనే, వారాల తరబడి, అట్లాంటిక్ చలిలో నడిచిన చిన్న ఓడలంటే ఎక్కువ గౌరవం. బ్రిటన్‌కి గోధుమలు, చమురు, ఇనుము అందాయంటే వాటి చలవే. ఆ చిన్న ఓడల్లో మూడు రకాలున్నాయి: ఫ్లవర్ తరగతి కార్వెట్, బ్లాక్ స్వాన్ తరగతి స్లూప్, రివర్ తరగతి ఫ్రిగేట్. ఏది మేలు?

కాపలా ఓడని నేను ఫిరంగుల లెక్కతో కొలవను. గుంపుని వదలకుండా ఎన్నాళ్ళు ఉండగలదు? అవసరమైన రోజుకి అలాంటివి ఎన్ని చేతిలో ఉన్నాయి? ఈ రెండే చూస్తాను.

కార్వెట్ పుట్టింది తిమింగలాల వేట ఓడ నుంచి. 1939లో యుద్ధం ముంచుకొస్తుంటే, స్మిత్స్ డాక్ కంపెనీలో పనిచేసే విలియం రీడ్ తమ వేట ఓడ నమూనానే పెంచి దీన్ని గీశాడు. యుద్ధనౌకలు కట్టే పెద్ద యార్డులు అప్పటికే పనితో నిండిపోయాయి. అందుకే మామూలు సరుకు ఓడలు కట్టే చోట కూడా కట్టగలిగేలా, వాణిజ్య నౌకల ఇంజనీర్లకి చేయి తిరిగిన పాతకాలపు ఆవిరి ఇంజనే పెట్టారు. దాంతో బ్రిటన్‌లో, కెనడాలో కలిపి 250కి పైగా తయారయ్యాయి. అన్నిటికీ పూల పేర్లు పెట్టాలన్నది బ్రిటిష్ నేవీ సరదా; కెనడా వాళ్ళు తమ ఊళ్ళ పేర్లు పెట్టుకున్నారు.

పొడవు 62 మీటర్లు. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్ళొచ్చినవాళ్ళు ఇది ఊహించుకోవచ్చు: కార్వెట్ అందులో మూడింట రెండు వంతులే. అది వేటాడిన జర్మన్ టైప్ 7 జలాంతర్గామి కూడా దీనికంటే పొడుగే. వేగంలోనూ వెనకే. కార్వెట్ 16 నాట్లు (గంటకి దాదాపు 30 కిలోమీటర్లు) వెళ్తే, నీటిపైన తేలుతూ ఆ జలాంతర్గామి 17 దాటి వెళ్ళేది. తరిమి పట్టుకోవడం కుదరని పని.

మరి ఎందుకు పనికొచ్చింది? జర్మన్లు రాత్రిపూట నీటిపైన తేలుతూనే దాడికి వచ్చేవాళ్ళు. కార్వెట్ ఎదురొస్తే జలాంతర్గామి నీటి కిందకి దిగక తప్పదు. కిందకి దిగాక బ్యాటరీ మీద నడవాలి, గట్టిగా నడిస్తే గంటా రెండు గంటల్లో ఛార్జ్ అయిపోతుంది. ఈలోగా గుంపు దాటిపోతుంది. దాన్ని ముంచేస్తే మంచిదే, ముంచకపోయినా నీటి కింద తొక్కి ఉంచితే చాలు, సరుకు ఒడ్డుకి చేరుతుంది. ఆ పనికి 16 నాట్లు సరిపోయాయి.

అందులో బతుకు మాత్రం నరకమే. మొదట్లో కట్టినవాటిలో సెయిలర్లు పడుకునేది ఓడ ముందు భాగంలో, వంటగది ఉండేది వెనక భాగంలో. మధ్యలో పైకప్పు లేని డెక్. చేతిలో సూప్ గిన్నె పట్టుకుని, అల మీద పడకముందే అది దాటాలి. గిన్నె చేరేసరికి సగం ఒలికిపోయేది, మిగిలింది చల్లారిపోయేది. పొడి బట్ట అనేది లేకుండా పది, పదిహేను రోజులు. తర్వాతి ఓడల్లో ముందు డెక్‌ని వెనక్కి పొడిగించారు గానీ, ఊగడం మాత్రం తగ్గలేదు.

స్లూప్ దగ్గరికొస్తే లెక్క వేరు. టర్బైన్లు, రెండు ప్రొపెల్లర్లు, దాదాపు 20 నాట్లు, విమానాల మీదకీ పేలే 4 అంగుళాల ఫిరంగులు ఆరు. బ్రిటిష్ నేవీ కెప్టెన్ వాకర్ చేతిలో ఈ స్లూపులు ఏం చేశాయో చెప్పాలి. ఒక ఓడ వెనక నిలబడి, శబ్దంతో నీటి కింద వెతికే సోనార్‌తో జలాంతర్గామిని పట్టి ఉంచుతుంది. రెండో ఓడ సోనార్ ఆపేసి, చప్పుడు లేకుండా నెమ్మదిగా దాని నెత్తి మీదకి వెళ్తుంది. వెనక ఓడ చెప్పిన క్షణాన డెప్త్ ఛార్జులు, అంటే నీటి లోతులో పేలే బాంబులు, వరసగా వదులుతుంది. కింద ఉన్నవాళ్ళకి అవి మీద పడేదాకా తెలియదు. 1944 జనవరి, ఫిబ్రవరిల్లో అయిదు స్లూపుల వాకర్ దళం ఒకే యాత్రలో 6 జలాంతర్గాముల్ని ముంచింది.

అయినా స్లూప్‌కి నేను మొదటి స్థానం ఇవ్వను. నేవీ ప్రమాణాలతో కట్టాలి, ఖర్చెక్కువ, టైమెక్కువ. మొత్తం 40 కూడా కట్టలేకపోయారు. అది వేటగత్తె. ప్రతి గుంపుకీ కాపలా పెట్టేటన్ని ఎప్పుడూ లేవు.

ఫ్రిగేట్ కార్వెట్‌కి చెల్లెలే. గీసింది మళ్ళీ రీడే. కార్వెట్ ఇంజన్ లాంటివి రెండు పెట్టాడు, ఓడని 90 మీటర్లు దాటించాడు. వేగం 20 నాట్లు. ఇంధనం నింపుకుంటే 7,000 నాటికల్ మైళ్ళ పైన వెళ్తుంది, కార్వెట్‌కి రెండింతలు. అట్లాంటిక్ మధ్యలో ఈ అంకె విలువేంటో 1943 మేలో ఓఎన్ఎస్ 5 కాన్వాయ్ చూపించింది. కాపలా దళపతి గ్రెటన్ ఎక్కిన డెస్ట్రాయర్‌కి (వేగంగా వెళ్ళే యుద్ధనౌక) ఇంధనం అయిపోవచ్చింది. తుఫానులో నడిసముద్రంలో నింపుకోవడం కుదరక, సరిగ్గా పోరు ముదిరే ముందు ఆయన వెళ్ళిపోవలసి వచ్చింది. నాయకత్వం టే అనే రివర్ ఫ్రిగేట్ తీసుకుంది. పక్కన సన్‌ఫ్లవర్, స్నోఫ్లేక్, లూస్‌స్ట్రైఫ్, పింక్ అనే నాలుగు కార్వెట్లు. 13 సరుకు ఓడలు పోయాయి, కానీ జర్మన్లు 6 జలాంతర్గాముల్ని పోగొట్టుకున్నారు. ఆ నెలాఖరులోపే జర్మన్ జలాంతర్గాముల్ని నడిపిన డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుంచి తన గుంపుల్ని వెనక్కి పిలిచాడు.

ఫ్రిగేట్‌కి మొదటి నుంచీ హెడ్జ్‌హాగ్ అనే ఆయుధం కూడా ఉంది. డెప్త్ ఛార్జ్ వెయ్యాలంటే జలాంతర్గామి మీదుగా వెళ్ళాలి. సరిగ్గా ఆఖరి క్షణాల్లో సోనార్‌కి అది కనపడదు, ఆ కాస్త సమయంలోనే అది పక్కకి తప్పుకుంటుంది. పేలాక నీళ్ళన్నీ కలిసిపోయి మళ్ళీ వెతుక్కోవాలి. హెడ్జ్‌హాగ్ 24 బాంబుల్ని ఓడ ముందుకి విసురుతుంది. తగిలితేనే పేలతాయి. గురి తప్పితే నిశ్శబ్దం, సోనార్ పట్టు పోదు, ఇంకోసారి విసరొచ్చు. ఇదే ఆయుధంతో ఇంగ్లండ్ అనే అమెరికన్ కాపలా ఓడ 1944 మేలో 12 రోజుల్లో 6 జపాన్ జలాంతర్గాముల్ని ముంచింది.

కాబట్టి, మూడూ రేవులో ఉండి ఒకటి ఎంచుకోమంటే నేను ఫ్రిగేట్ ఎక్కుతాను. అందులో నాకు సందేహం లేదు. కానీ 1940, 41లో రేవులో ఫ్రిగేట్ లేనే లేదు, అది వచ్చింది 1942లో. 1941 సెప్టెంబర్‌లో ఎస్‌సీ 42 కాన్వాయ్‌లో 60కి పైగా ఓడలకి కాపలా ఒక డెస్ట్రాయర్, మూడు కార్వెట్లు. కార్వెట్ మంచిది కాదని కాదు, నాలుగు ఓడలు అంత గుంపుని ఎలా కాస్తాయి? పదిహేను దాకా ఓడలు పోయాయి. సాయానికొచ్చిన మరో రెండు కెనడా కార్వెట్లు, చాంబ్లీ, మూస్ జా, యు-501 అనే జర్మన్ జలాంతర్గామిని ముంచాయి. మూస్ జా దాన్ని ఒరుసుకుంటూ వెళ్తుంటే జర్మన్ కెప్టెన్ తన ఓడ నుంచి కార్వెట్ డెక్ మీదకి దూకేశాడు. ఆ రెండేళ్ళకి జవాబు కార్వెట్టే.

ఈ కథలో మన నదుల పేర్లూ ఉన్నాయి. రాయల్ ఇండియన్ నేవీకి 1943లో నీటిలోకి దిగిన రెండు బ్లాక్ స్వాన్ రకం స్లూపుల పేర్లు గోదావరి, కిస్ట్నా. కిస్ట్నా అంటే పాత జిల్లా రికార్డుల్లో కనిపించే స్పెల్లింగే, మన కృష్ణ. 1944 ఆగస్టు 12న సీషెల్స్ దగ్గర యు-198ని ముంచింది రెండు ఓడలు: ఫిండ్‌హార్న్ అనే రివర్ ఫ్రిగేట్, గోదావరి అనే స్లూప్. దేశ విభజన తర్వాత గోదావరి పాకిస్తాన్ వాటాకి వెళ్ళి సింధ్ అయింది. కృష్ణ మనకి మిగిలింది.